కత్తి మీద అక్షరాలు

పెళ్ళి ఫొటోలు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టిన రాత్రి మొదటి ఫోను వనపర్తి నుంచి వచ్చింది. మా చిన్నాయన. జంట బాగుందంటాడనుకున్నా. కనీసం షేర్వాణీ బాగుందంటాడనుకున్నా.

"అదంతా సరేగానీ, కత్తి మీద అచ్చరాలు ఏడికి పోయినయ్‌రా?" అన్నాడు.

"ఏ అక్షరాలు?"

అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. "రుద్దిచ్చినవా?"

"ఆ... ఫొటోల్లో బాగుంటదని కొంచెం బఫింగ్ చేయించిన."

"సరే, పండుకో" అని పెట్టేశాడు.

తిట్టుంటే బాగుండేది. మా చిన్నాయన తిట్టలేదంటే విషయం తిట్లతో పోయేది కాదని అర్థం. ఆ "సరే, పండుకో" రెండేళ్ళుగా నాకు నిద్ర పట్టనివ్వట్లేదంటే అతిశయోక్తే గానీ, అప్పుడప్పుడూ గుర్తొచ్చి గుచ్చుకుంటూనే ఉంది. మీ ఇంట్లో కూడా తాతలనాటి వస్తువేదైనా ఉండి, పండక్కి దాన్ని శుభ్రం చేద్దామనే ఆలోచన ఉంటే ముందు ఇది చదవండి.

ముందుగా ఆ కత్తి సంగతి. మాది గద్వాల దగ్గర ఒక పల్లె. కృష్ణకీ తుంగభద్రకీ మధ్యలో ఉంటుంది కాబట్టి మా ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. గద్వాల అని చెప్పగానే మా ఆఫీసులో ఎవరైనా అడిగేది ఒకటే, "చీరలు తెప్పించగలవా?" అని. తెప్పించగలను, కానీ ఇప్పుడు చీరల గురించి కాదు :)

నిజాం రాజ్యంలో ఏటా కప్పం కట్టుకుంటూ తమ ఊళ్ళని తామే ఏలుకున్న సంస్థానాలు కొన్ని ఉండేవి. గద్వాల, వనపర్తి, జటప్రోలు (దాన్నే కొల్లాపురం సంస్థానం అంటారు) మా పాలమూరు వైపువే. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు గద్వాల, వనపర్తి రెండు జిల్లాలయ్యాయి, కొల్లాపూర్ నాగర్‌కర్నూలు జిల్లాలో కలిసింది. గద్వాలలో సోమనాద్రి కట్టించిన మట్టికోట, అందులో చెన్నకేశవస్వామి గుడి ఉన్నాయి. సంస్థానాలు పోయాక ఆ కోటలో ఆదిలక్ష్మీదేవమ్మ రాణి పేరు మీద డిగ్రీ కాలేజీ పెట్టారు. మా నాయన బీఏ అక్కడే చదివాడు. వనపర్తి రాజాగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టారు. మా చిన్నాయన మెకానికల్ డిప్లొమా అక్కడే చేసి, ఆ ఊళ్ళోనే పెళ్ళి చేసుకుని, అక్కడే స్థిరపడ్డాడు. రాజులు కట్టుకున్న ఇళ్ళల్లో మావాళ్ళు చదువుకున్నారన్నమాట. ఇది నాకు భలే నచ్చే విషయం.

ఇలాంటి చోట పాత కత్తి ఉన్న ఇళ్ళు చాలానే కనిపిస్తాయి. మాది వంపు తిరిగిన కత్తి, పిడి చివర గుండ్రటి బిళ్ళ ఉంటుంది. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అప్పుడు ఆయుధాలు పట్టుకుపోతారని భయపడి, మా తాత దానికి ఆముదం పట్టించి, గోనెపట్టాలో చుట్టి జొన్నల పాతరలో దాచాడట. ఎన్నాళ్ళు ఉంచాడో గానీ బయటకి తీసేసరికి నల్లగా మారి, అక్కడక్కడా తుప్పు పట్టింది. తర్వాత మళ్ళీ ఎవరూ దాన్ని రుద్దలేదు. ఏడాదికోసారి దసరాకి జమ్మిపూజ ముందు తీసి, నూనెగుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి మళ్ళీ దూలం మీద పెట్టేసేవాళ్ళు.

నా చిన్నప్పుడు తాత ఒక తమాషా చేసేవాడు. పూజయ్యాక కోసిన నిమ్మచెక్కతో కత్తిని కొన దగ్గర రుద్ది, కాసేపాగి తుడిచి, ఎండకి పెట్టి చూపించేవాడు. ఉక్కులో సన్నగా అలలు అలలుగా గీతలు కనిపించేవి. "సూడు, కిష్టమ్మ పారుతుంది" అనేవాడు. మేమంతా నోరు తెరుచుకుని చూసేవాళ్ళం.

ఆ కిష్టమ్మ ఏంటో ఇంజనీరింగు అయ్యాక గానీ నాకు తెలియలేదు. మెటలర్జీ సబ్జెక్టు కాదులెండి, చిన్నాయన చెబితేనే. ఇనుప ముక్కల్ని కట్టెపుల్లలతో, ఆకులతో కలిపి మట్టి మూసలో పెట్టి, మూతికి మట్టి మెత్తి, గంటల తరబడి కాల్చి మెల్లగా చల్లారనిస్తే ఒక రకం ఉక్కు తయారవుతుంది. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. దాన్ని సాగగొట్టినప్పుడు కార్బన్ ఎక్కువున్న గట్టి రేణువులు వరసలు వరసలుగా సర్దుకుంటాయి. పులుపు తగలగానే మిగతా ఇనుము నల్లబడి ఆ వరసలు తెల్లగా పైకి తేలతాయి. మా తాత నిమ్మకాయతో చేసింది అదే. మన "ఉక్కు" అన్న మాటే యూరప్ వాళ్ళ నోట్లో పడి "వూట్జ్" అయిందని చాలామంది పండితుల అభిప్రాయం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దీనికి పెద్ద కేంద్రం. అక్కడ ఉక్కు ఎలా చేసేవాళ్ళో హెన్రీ వాయిసీ అనే ఆయన రాసింది 1832లో అచ్చయింది. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి ఒక వ్యాపారి వచ్చి అక్కడే ఉండి ఉక్కు దగ్గరుండి చేయించుకోవడం కూడా ఆయన చూశాడు. లండన్‌లో మైకేల్ ఫారడే, అదేనండీ మన ఫిజిక్స్ పుస్తకంలో ఫారడే, 1819లో మన ఉక్కు ముక్కని పరీక్షించి పేపరు రాశాడు.

ఇక అసలు గొడవకి వస్తా. ఈ కత్తి మా ఇంటికి ఎలా వచ్చింది? దీనికి మా ఇంట్లో మూడు వెర్షన్లున్నాయి.

మొదటిది మా పెద్దనాయనది. సోమనాద్రి కర్నూలు నవాబు మీదికి యుద్ధానికి పోయినప్పుడు మా మూలపురుషుడు ఆయన పక్కనే ఉండి ప్రాణాలకి తెగించి పోరాడితే, రాజు మెచ్చి తన మొలలోంచి తీసి ఇచ్చాడని. రెండోది మా నాయనది. హైదరాబాదుకి కప్పం సొమ్ము తీసుకుపోతుంటే దారిలో దొంగలు పడ్డారు, మా ముత్తాత తాత ఒక్కడే నిలబడి సొమ్ము కాపాడాడు, అందుకని రాణి ఇచ్చిందని. ఈ రెండు వెర్షన్లూ చరిత్ర కోసం పుట్టినవి కావు. మొదటి కథ నిజమైతే కత్తి పెద్దకొడుకుల వరసలో రావాలి, పెద్దనాయనకి చెందాలి. రెండోది నిజమైతే మా శాఖకి చెందాలి. తాత పోయాక పొలం పంచుకున్నారు, ఎడ్లు పంచుకున్నారు, బావిలో వంతులేసుకున్నారు. కత్తిని మాత్రం రెండు ముక్కలు చెయ్యలేకపోయారు. అది పెద్దనాయన ఇంట్లో ఉండిపోయింది. అన్నదమ్ములిద్దరికీ ఆరేళ్ళు మాటల్లేవు.

మూడో వెర్షన్ మా అవ్వది. దాన్ని ఎవరూ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. "రాజూ లేదు, రాణీ లేదు. ఫౌజు తీసేసినప్పుడు ఇయ్యాల్సిన జీతం ఇయ్యలేక కత్తులు సేతిల పెట్టి పంపిండ్రంట. మా అత్త సెప్పింది" అంటుంది. అవ్వ ఇలా అన్నప్పుడల్లా మా నాయన, పెద్దనాయన ఇద్దరూ ఒకేసారి "నీకేం తెల్వదు, ఊకో" అనేవాళ్ళు. ఆ ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన ఏకైక విషయం ఇదే.

మా వైపు పెళ్ళికొడుకు చేతిలో కత్తి ఉండాలి, కొనకి నిమ్మకాయ గుచ్చాలి. నా పెళ్ళి కుదిరినప్పుడు పెద్దనాయన తనంతట తానే మా ఇంటికొచ్చి, "అద్దె కత్తి ఎందుకు, మనింటిది ఉండగా" అని గోనెపట్టా విప్పి మా నాయన ముందు పెట్టాడు. ఆరేళ్ళ తర్వాత గుమ్మం తొక్కడం అదే. మా నాయన "కూసో అన్నా" అన్నాడు. అంతే, గొడవ తీరిపోయింది. ఆ రోజు మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

అలాంటి కత్తిని నేనేం చేశాను? ఫోన్‌తో ఫొటో తీసి కాబోయే ఆవిడకి పంపి, "ఈ తుప్పు కత్తితో ఫొటో దిగాలంట" అని ఒక నవ్వే బొమ్మ పెట్టాను. మర్నాడు గద్వాలలో ఒక వెల్డింగ్ షాపుకి తీసుకుపోయి, "అన్నా, తళతళ మెరవాలె" అన్నాను. ముందు ఎమరీ పేపరు, తర్వాత బఫింగ్ చక్రం. అరగంట పని, 200 రూపాయలు. స్టీలు గ్లాసులా మెరిసింది. షాపతను "చానా పాతది లాగుందన్నా, కొట్టమంటవా?" అని రెండుసార్లు అడిగాడు కూడా. తప్పు పూర్తిగా నాదే.

పిడికి జానెడు దూరంలో బ్లేడు మీద నాలుగైదు పార్శీ అక్షరాలు ఉండేవట. నల్లటి మరక కింద సగం కనబడుతూ ఉండేవట. ఇరవై ఏడేళ్ళు ఆ ఇంట్లో తిరిగి నేను ఒక్కసారీ చూడలేదు. చిన్నాయన ఒక్కడే చూశాడు, అది కూడా డిప్లొమా చదివే రోజుల్లో. ఆ కాలంలో నిజాం దర్బారులో కాగితం పని పార్శీలో నడిచేది. కాబట్టి అది యజమాని పేరు కావచ్చు, ఆయుధశాల గుర్తు కావచ్చు, సంవత్సరం కావచ్చు. ఫౌజు లెక్కల్లో ఒక నెంబరైతే అవ్వ చెప్పిందే నిజం. పేరైతే పెద్దనాయనదో నాయనదో నిజం. రెండు తరాల గొడవకి తీర్పు ఆ నాలుగు అక్షరాల్లో ఉంది. నేను 200 రూపాయలిచ్చి దాన్ని డిలీట్ చేయించాను. రోల్‌బ్యాక్ లేదు.

ఆవిడకి పంపిన ఫొటో ఒకటి మిగిలింది. వాట్సాప్ నలిపి చిన్నది చేసిన ఫొటో. ఎంత పెద్దది చేసి చూసినా మూడు మసక చుక్కలే. ఉర్దూ బాగా వచ్చిన స్నేహితుడికి చూపిస్తే "ఒకటి సీన్ కావచ్చు, షీన్ కావచ్చు. గీత కూడా కావచ్చు" అన్నాడు.

పెళ్ళయ్యాక కొన్నాళ్ళకి ఆన్‌సైట్‌కి బోస్టన్ దగ్గరికి వెళ్ళాను. కత్తిని తీసుకుపోయి అక్కడ నిపుణులెవరికైనా చూపిద్దామని మొదట అనుకున్నా. చదివితే తెలిసింది, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇలాంటి వస్తువుల్ని మనంతట మనం దేశం దాటించకూడదు. మంచి చట్టమే. అది లేకపోతే నేను ఇంకా ఏం చేసుండేవాణ్ణో!

అక్కడ మా టీం లీడ్ ఒక ఆదివారం భోజనానికి పిలిచాడు. హాల్లో నిప్పుగూడు పైన గోడకి ఒక కత్తి. వాళ్ళ స్వాతంత్ర్య యుద్ధం, అంటే 1775-83 నాటిదట. వాళ్ళ పూర్వీకుడిది. నేను దగ్గరికెళ్ళి చూస్తుంటే ఆయన నవ్వి, "జార్జి వాషింగ్టన్ స్వయంగా ఇచ్చాడని మా నాన్నమ్మ చెప్పేది. ఈ దేశంలో పాత కత్తి ఉన్న ప్రతి ఇంట్లోనూ వాషింగ్టనే ఇచ్చుంటాడు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఎందుకంటే వనపర్తిలో మా చిన్నమ్మ పుట్టింట్లో ఒక కత్తి ఉంది, అది వనపర్తి రాజా ఇచ్చిందే. కొల్లాపూర్ దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒకరింట్లో ఉంది, అది సురభి రాజులు ఇచ్చిందే. ఇప్పుడు ఇక్కడ వాషింగ్టన్. ఒకే కోడు, నాలుగు చోట్ల కాపీ పేస్టు, రాజు పేరు ఒక్కటే వేరియబుల్!

కానీ తేడా ఒకటుంది. ఆయన సొరుగులోంచి ఒక ఫైలు తీశాడు. ఆయన తాత ఎవరి నోట ఏం విన్నాడో తేదీ వేసి రాసిన కాగితాలు. బ్లేడు మీద ముద్రల ఫొటోలు. నిపుణుడొకాయన చూసి రాసిన ఉత్తరం. దాని ప్రకారం బ్లేడు జర్మనీలోని జోలింగెన్‌ది, పిడి అక్కడి పనివాళ్ళు చేసింది. అమెరికా కాలనీల్లో మామూలుగా జరిగిన పద్ధతే అదట. బ్లేడు యూరప్ నుంచి దిగుమతి చేసుకునేవాళ్ళు, బోస్టన్‌లో జేకబ్ హర్డ్ లాంటి వెండిపనివాళ్ళు పిడి చేసి తొడిగేవాళ్ళు. "అంటే వాషింగ్టన్ ఇవ్వలేదా?" అన్నా. "ఇవ్వలేదు. మా ముత్తాత ముత్తాత డబ్బులు పెట్టి కొనుక్కున్నాడు. అది తెలిశాక నాకు ఆయన మీద ఇష్టం పెరిగింది" అన్నాడు.

దేనితో శుభ్రం చేస్తారని అడిగాను. "చెయ్యం. నూనెగుడ్డతో తుడుస్తాం, అంతే. ఆ నలుపు పోతే కత్తి వయసు పోయినట్టే" అన్నాడు. నేను మా బఫింగ్ సంగతి చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆ రాత్రి నాకు ఒకటి అర్థమైంది. కథలకి బ్యాకప్ అక్కర్లేదు. పెద్దనాయన మర్చిపోయినా ఆయన కొడుకు చెబుతాడు, ఇంకో నాలుగు ముక్కలు కలిపి మరీ చెబుతాడు. సాక్ష్యానికి మాత్రం ఒకటే కాపీ ఉంటుంది. మనం ఆఫీసులో పాత కోడు ముట్టుకోవాలంటే పది రివ్యూలు, ముందు ఒక బ్యాకప్. ఎవరు రాశారో తెలియని, కామెంట్లు లేని లైను కూడా "ఎందుకుందో తెలిసేదాకా తీయకు" అంటాం. అదే మనిషిని ఇంటికెళ్ళి మూడు వందల ఏళ్ళదో రెండు వందల ఏళ్ళదో తెలియని ఉక్కుని చూసి "తుప్పు" అన్నాను.

సాక్ష్యం ఎంత దూరం పనికొస్తుందో చెప్పడానికి ఇంకో కత్తి ఉంది. 1905లో హైదరాబాదు నిజాం సేకరణ నుంచి దొంగతనంగా బయటికి పోయి ఒక బ్రిటిష్ జనరల్‌కి అమ్ముడుపోయిన కత్తి అది. 1978లో ఆయన బంధువు గ్లాస్గో మ్యూజియానికి ఇచ్చాడు. 2022 ఆగస్టులో మరో ఆరు వస్తువులతో పాటు దాన్ని భారతదేశానికి తిరిగి ఇచ్చేలా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అది ఎవరిది, ఎవరు కొన్నారు, ఎప్పుడు అన్నది తెలుసు కాబట్టే 117 ఏళ్ళ తర్వాత కూడా "ఇది మాది" అనగలిగారు.

మరి మాది మాదే అని, ఎలా మాదయిందో, నేనిప్పుడు దేంతో చెప్పను?

మొన్న దసరాకి ఊరెళ్ళాను. పూజయ్యాక నిమ్మకాయ కోసి, తాత చేసినట్టే కొన దగ్గర రుద్దాను. పెద్దనాయన, నాయన, చిన్నాయన అందరూ చూస్తున్నారు. చాలాసేపు ఏమీ కనబడలేదు. తుడిచి ఎండకి పెడితే జానెడు మేర సన్నగా గీతలు లేచాయి. తాత చూపించినంత గొప్పగా లేవు గానీ, ఉన్నాయి. "లోపల ఉన్నది ఎక్కడికీ పోదు రా. పైన రాసిందే పోయింది" అన్నాడు చిన్నాయన. ఫోన్లో మిగిలిపోయిన మాట అప్పటికి పూర్తయినట్టనిపించింది.

ఆ సాయంత్రం అవ్వ మంచం పక్కన కూర్చుని, ఫోన్లో రికార్డు నొక్కి, కత్తి కథ మళ్ళీ చెప్పమన్నాను. అవ్వకి ఎనభై ఐదేళ్ళు. "ఎందుకు, నీకేం తెల్వదంటరు గద" అంది. నేనే అడుగుతున్నా అన్నాను. పదకొండు నిమిషాలు చెప్పింది. వాళ్ళ అత్త ఎవరితో ఏమన్నది, ఎన్ని నెలల జీతం బాకీ, కత్తి తెచ్చిన రోజు ఇంట్లో గింజలు లేక ఆ ఇల్లాలు ఏమని తిట్టింది, అన్నీ. రాజు ఇచ్చాడన్న కథలో ఇలాంటి ఇల్లాలు ఎక్కడా లేదు. గుమ్మం దగ్గర నిలబడి మా నాయన, పెద్దనాయన కూడా విన్నారు. ఈసారి "ఊకో" అనలేదు.

ఆ ఫైలుకి తేదీ, ఎవరు చెప్పారు, ఎవరి నోట విన్నారు అని పేరు పెట్టి మూడు చోట్ల దాచాను. పెద్దనాయనదీ నాయనదీ కూడా రికార్డు చేశాను, అలుగుతారని కాదు, ఏది నిజమో తేల్చే హక్కు పోగొట్టుకున్నవాణ్ణి నేనే కాబట్టి. కత్తి మీద ఆ మూడు చుక్కల ఫొటో కూడా అందులోనే ఉంది.

మీ ఇంట్లో దూలం మీద, అటక మీద ఏదైనా ఉంటే దయచేసి రుద్దకండి. ముందు వెలుతురులో, దగ్గరగా, రెండువైపులా ఫొటోలు తీయండి. 1959 ఆయుధాల చట్టం కింద 9 అంగుళాలకి మించిన పదును కత్తులకి నిబంధనలున్నాయి, మీ చోట ఏది వర్తిస్తుందో కనుక్కోండి. ఆ తర్వాత ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. ముఖ్యంగా "నీకేం తెల్వదు" అని ఇన్నాళ్ళూ అనిపించుకున్నవాళ్ళని.